కీమో తర్వాత పేగుల్లోని మంచి బ్యాక్టీరియా: ల్యుకేమియా కుటుంబాలు తరచుగా అడిగే ప్రశ్నలు

ల్యుకేమియా అని తేలిన రోజు నుంచి ఇంట్లో అందరి కళ్లూ బ్లడ్ రిపోర్టు మీదే ఉంటాయి. తెల్లకణాలు ఎన్ని, ప్లేట్‌లెట్స్ ఎన్ని, హిమోగ్లోబిన్ ఎంత. కీమో మొదలై రోజులు గడిచి, మోషన్స్, కడుపునొప్పి, జ్వరం వచ్చాక గానీ పేగుల సంగతి ఎవరికీ గుర్తు రాదు. అప్పుడు బంధువులు తలో మాట చెబుతారు. ఒకరు పెరుగు పెట్టమంటారు, ఒకరు వద్దంటారు, ఇంకొకరు మందుల షాపు నుంచి ప్రోబయాటిక్ సీసాలు తెచ్చిపెడతారు.

ఇక్కడి జవాబులు ఏఎంఎల్, ఏఎల్ఎల్ లాంటి అక్యూట్ (వేగంగా ముదిరే) ల్యుకేమియాలకు గట్టి కీమో తీసుకునేవాళ్ల కోసం, బోన్ మారో ట్రాన్స్‌ప్లాంట్ అయినవాళ్ల కోసం. నెమ్మదిగా ముదిరే సీఎంఎల్ అనే రకానికి రోజూ మాత్ర వేసుకునే పేషెంట్ల పరిస్థితి చాలావరకు వేరు. మీ డాక్టర్ చెప్పినదానికీ ఇక్కడ రాసినదానికీ తేడా కనిపిస్తే డాక్టర్ మాటే వినండి. మీ పేషెంట్ రిపోర్టులు ఉన్నది ఆయన దగ్గరే.

ల్యుకేమియా రక్తానికి వచ్చే జబ్బు కదా, పేగుల గురించి ఎందుకు ఆలోచించాలి?

మనిషి ఒంట్లో దాదాపు 38 లక్షల కోట్ల బ్యాక్టీరియా ఉంటాయని అంచనా. వాటిలో అత్యధికం పెద్దపేగులోనే. వాటిలో ఫీకాలిబాక్టీరియం, రోజ్‌బూరియా, బ్లాటియా లాంటి జాతులు మనం తిన్న పీచును పులియబెట్టి బ్యూటిరేట్ లాంటి చిన్న కొవ్వు ఆమ్లాలను తయారు చేస్తాయి. పెద్దపేగు లోపలి పొర కణాలకు బ్యూటిరేటే ప్రధాన ఆహారం. ఆ పొర గట్టిగా ఉన్నంతకాలం పేగులోని క్రిములు పేగులోనే ఉంటాయి.

కీమో ఆ పొరను పుండు చేస్తుంది. నోట్లో పూత వచ్చినట్టే పేగు లోపలా వస్తుంది, మనకు కనపడదంతే. సరిగ్గా అదే సమయంలో న్యూట్రోఫిల్స్, అంటే క్రిములతో పోరాడే తెల్లకణాలు, 500 కంటే కిందికి పడిపోతాయి. గోడ దెబ్బతిన్నది, కాపలా లేదు. క్లెబ్సియెల్లా, ఈ.కోలై, ఎంటరోకాకస్ లాంటివి రక్తంలోకి దాటే దారి అలా ఏర్పడుతుంది. కీమో పేషెంట్లకు వచ్చే రక్త ఇన్ఫెక్షన్లలో చాలా వాటికి మూలం బయటి దుమ్మూ ధూళీ కాదు, సొంత పేగే. ఇల్లంతా ఫినాయిల్‌తో కడిగినా జ్వరం ఎందుకు వచ్చిందని బాధపడే కుటుంబాలు ఈ ఒక్క విషయం తెలుసుకుంటే, తమను తాము నిందించుకోవడం మానేస్తాయి.

మంచి బ్యాక్టీరియాను చంపేది కీమోనా, యాంటీబయాటిక్సా?

రెండూ. ఎక్కువ నష్టం మాత్రం యాంటీబయాటిక్స్ వల్లే. ఏఎంఎల్‌కు మొదట ఇచ్చే ఇండక్షన్‌లో సైటరాబిన్ 7 రోజులు, డానోరూబిసిన్ లాంటి మందు 3 రోజులు ఎక్కిస్తారు. ఆ తర్వాత కౌంట్స్ పడిపోయి జ్వరం వస్తుంది. పిపెరాసిలిన్-టాజోబాక్టమ్, మెరోపెనెమ్ లాంటి మందులు మొదలవుతాయి. ఇవి ఆక్సిజన్ లేనిచోట బతికే మేలు బ్యాక్టీరియాను కూడా తుడిచిపెట్టేస్తాయి. ఖాళీ అయిన పొలంలో ముందు మొలిచేది కలుపే కదా, అలాగే మందులకు లొంగని ఎంటరోకాకస్ లాంటి జాతి ఒక్కటే పేగంతా పరుచుకుంటుంది.

పైగా సరిగ్గా తిండి లేకపోవడం, గ్యాస్ట్రిక్ ట్రబుల్ అని నెలల తరబడి వాడే పాంటోప్రజోల్ లాంటి మాత్రలు. ఇవి కూడా ఎంతోకొంత తోడవుతాయి.

ఇది ప్రమాదం అనడానికి ఆధారాలేమైనా ఉన్నాయా, లేక ఈమధ్య ఫ్యాషన్ అయిన మాటేనా?

గట్టి ఆధారాలే ఉన్నాయి. 2020లో వచ్చిన పెద్ద అధ్యయనంలో న్యూయార్క్, అమెరికాలోనే ఉన్న డర్హమ్, జర్మనీలోని రీగన్స్‌బర్గ్, జపాన్‌లోని సప్పొరో నగరాల ఆసుపత్రుల నుంచి, వేరొకరి మూలకణాలతో ట్రాన్స్‌ప్లాంట్ చేయించుకున్న 1,362 మంది మలం నమూనాలు 8,767 పరీక్షించారు. పేగు బ్యాక్టీరియాలో రకాలు తగ్గిపోయినవాళ్లలో మరణాలు ఎక్కువగా కనిపించాయి. నాలుగు నగరాల తిండి వేరు, వాడే మందులు వేరు, ఫలితం మాత్రం ఒకే దిశలో ఉంది.

పిల్లల విషయానికొస్తే, అమెరికాలోని సెయింట్ జూడ్ ఆసుపత్రి 2018లో 199 మంది ఏఎల్ఎల్ పిల్లల వివరాలు ప్రచురించింది. కీమో సమయంలో పేగును ఎంటరోకాకస్ లేదా స్ట్రెప్టోకాకస్ కుటుంబం ఆక్రమించిన పిల్లల్లో ఇన్ఫెక్షన్ల ముప్పు ఎక్కువైంది. హ్యూస్టన్‌లోని ఎండీ ఆండర్సన్ కేంద్రం 2016లో 34 మంది ఏఎంఎల్ పేషెంట్లలోనూ ఇలాంటిదే గమనించింది.

ఒక్క మాట గుర్తుంచుకోవాలి. ఇవి రెండు విషయాలు కలిసి కనపడుతున్నాయని చెప్పే అధ్యయనాలు. బ్యాక్టీరియాను తిరిగి నింపితే ప్రాణం నిలుస్తుందా అన్నది వేరే ప్రశ్న, దాని జవాబు కింద వస్తుంది. పేపర్లలో, యూట్యూబ్ వీడియోల్లో ఈ రెండింటినీ కలిపేసి చెప్పడం చూసినప్పుడల్లా నాకు బాధేస్తుంది. ఆశతో ఉన్న కుటుంబాలు ఆ తేడా తెలియక డబ్బు పోగొట్టుకుంటాయి.

అయితే యాంటీబయాటిక్స్ వద్దని చెప్పేయొచ్చా?

వద్దు. దయచేసి ఆ పని చేయకండి.

కౌంట్స్ తక్కువ ఉన్నప్పుడు 100.4 డిగ్రీల జ్వరం వచ్చిందంటే అది ఎమర్జెన్సీ. ఆసుపత్రికి చేరిన గంటలోపే మొదటి యాంటీబయాటిక్ డోసు పడాలి. పారాసిటమాల్ వేసి తెల్లారేదాకా చూద్దామనుకున్న రాత్రులు ప్రాణాలు తీశాయి. పేగు బ్యాక్టీరియాను తర్వాత ఎలాగోలా చూసుకోవచ్చు, ఇన్ఫెక్షన్ ఒళ్లంతా పాకి ప్రాణం మీదికి తెచ్చే సెప్సిస్‌లో ఆ అవకాశం ఉండదు.

అలాగే న్యుమోనియా రాకుండా వారానికి కొన్ని రోజులు ఇచ్చే కోట్రైమాక్సజోల్ మాత్రను కూడా పేగుల పేరు చెప్పి ఆపకూడదు.

మరి చేయగలిగేదేమిటి? అనవసరంగా కొనసాగే యాంటీబయాటిక్స్‌ను తగ్గించడం. ఇది డాక్టర్లు చేసే పని, మీరు అడగగలిగే పని. స్పెయిన్‌లో జరిగిన ఒక ట్రయల్ 2017లో వచ్చింది. జ్వరం తగ్గి, లక్షణాలు పోయి 72 గంటలు గడిచిన పేషెంట్లలో, కౌంట్స్ ఇంకా పెరగకపోయినా యాంటీబయాటిక్స్ ఆపేశారు. మందు వాడిన రోజులు తగ్గాయి, దానివల్ల హాని పెరగలేదు. ట్రాన్స్‌ప్లాంట్ పేషెంట్లలో ఏ యాంటీబయాటిక్ వాడారన్నది కూడా తేడా చూపిస్తుందని 2016లో న్యూయార్క్ బృందం చెప్పింది. మేలు బ్యాక్టీరియాను ఎక్కువగా చంపే ఇమిపెనెమ్, పిపెరాసిలిన్-టాజోబాక్టమ్ తీసుకున్నవాళ్లలో, దాత కణాలు పేషెంట్ శరీరం మీదే దాడిచేసే జీవీహెచ్‌డీ వల్ల మరణాలు ఎక్కువగా ఉన్నాయి.

మన దేశంలో ఒక చిక్కుంది. మన ఆసుపత్రుల్లో మొండి, అంటే మామూలు మందులకు లొంగని, క్లెబ్సియెల్లా, ఈ.కోలై ఎక్కువ. అందుకే మన డాక్టర్లు పెద్ద మందులతో మొదలుపెట్టడానికి కారణం ఉంది. కానీ ఏ క్రిమి ఉందో, ఏ మందుకు లొంగుతుందో చెప్పే కల్చర్ రిపోర్టు వచ్చాక "మందు మార్చొచ్చా, ఎప్పుడు ఆపొచ్చు?" అని రోజూ రౌండ్స్‌లో అడగడంలో తప్పేమీ లేదు. పేగు బ్యాక్టీరియాను కాపాడటానికి ఈరోజు మన చేతుల్లో ఉన్న అతి బలమైన మార్గం ఇదేనని నా నమ్మకం. ఏ క్యాప్సూల్ కన్నా, ఏ ఆహారం కన్నా.

ఏమీ చేయకపోతే బ్యాక్టీరియా వాటంతట అవి తిరిగి వస్తాయా?

చాలావరకు వస్తాయి, పూర్తిగా కాదు. డెన్మార్క్‌లో 12 మంది ఆరోగ్యవంతులైన మగవాళ్లకు నాలుగు రోజులపాటు మెరోపెనెమ్, జెంటామైసిన్, వాంకోమైసిన్ కలిపి ఇచ్చి చూశారు. నెలన్నరలో పేగు దాదాపు పాత స్థితికి వచ్చింది. అయితే అంతకుముందు అందరిలోనూ ఉన్న 9 జాతులు ఆరు నెలల తర్వాత కూడా చాలామందిలో కనపడలేదు. ఇది కీమో లేని మనుషుల్లో, కేవలం నాలుగు రోజుల మందుతో జరిగింది.

ల్యుకేమియా పేషెంట్‌కు ఇండక్షన్ తర్వాత కన్సాలిడేషన్ అనే మరో విడత కీమో ఉంటుంది, మళ్లీ కౌంట్స్ పడతాయి, మళ్లీ జ్వరం, మళ్లీ మందులు. కోలుకునేలోపే ఇంకో దెబ్బ. కాబట్టి నెలలు పడుతుంది, ట్రాన్స్‌ప్లాంట్ అయితే ఇంకా ఎక్కువ. కోర్సుల మధ్య ఇంటికి వచ్చిన రోజులు అందుకే విలువైనవి.

ప్రోబయాటిక్ క్యాప్సూల్స్, సాచెట్లు, చిన్న ప్లాస్టిక్ గొట్టాల్లో వచ్చే మందు ఇవ్వొచ్చా?

కౌంట్స్ తక్కువ ఉన్నప్పుడు డాక్టర్ రాయకుండా ఇవ్వకండి. మన ఇళ్లలో పిల్లలకు మోషన్స్ అయితే ఇవి ఇవ్వడం అలవాటు. అందుకే ఇవి మందులే కావన్నట్టు చూస్తారు. వాటిలో ఉన్నవి బతికున్న క్రిములు. గొట్టాల్లో వచ్చేది బాసిల్లస్ క్లాసి, కొన్ని సాచెట్లలో ఉండేది సాకరోమైసిస్ బౌలార్డి అనే ఈస్ట్. రోగనిరోధక శక్తి బాగా తగ్గినవాళ్లలో ఇవే రక్తంలోకి చేరి ఇన్ఫెక్షన్ తెచ్చిన కేసులు వైద్య పత్రికల్లో ఉన్నాయి. ఛాతీలో సెంట్రల్ లైన్ (మందులు ఎక్కించడానికి పెద్ద నరంలోకి పెట్టే గొట్టం) ఉన్న పేషెంట్ పక్కన ఈస్ట్ సాచెట్ చింపడం కూడా మంచిది కాదు. ఆ పొడి చేతులకంటుకుని లైన్‌లోకి వెళ్లే ప్రమాదముంది.

అలాగని అన్నీ విషమని చెప్పను. 2016లో ట్రాన్స్‌ప్లాంట్ చేయించుకున్న 30 మంది పిల్లలకు లాక్టోబాసిల్లస్ ప్లాంటారమ్ ఇచ్చి చూస్తే, ఆ క్రిమి వల్ల రక్త ఇన్ఫెక్షన్ ఒక్కరికీ రాలేదు. అక్కడ ఇచ్చినది పరీక్షించిన ఒకే జాతి, పిల్లలు ఉన్నది నిపుణుల కంటి ముందు. మనం కౌంటర్‌లో కొనేదానికి ఆ భరోసా లేదు.

భద్రత ఒకటే కాదు, అసలు ఉపయోగమే సందేహం. ఇజ్రాయెల్‌లోని వైజ్‌మన్ సంస్థ 2018లో, యాంటీబయాటిక్స్ వాడిన ఆరోగ్యవంతుల్లో కొందరికి ప్రోబయాటిక్స్ ఇచ్చింది, కొందరిని అలాగే వదిలేసింది, ఇంకొందరికి ముందే దాచిన వాళ్ల సొంత మలాన్నే తిరిగి ఎక్కించింది. సొంత మలం తీసుకున్నవాళ్లు కొద్ది రోజుల్లోనే పాత స్థితికి వచ్చారు. ప్రోబయాటిక్స్ వేసుకున్నవాళ్ల పేగు, ఏమీ ఇవ్వని వాళ్లకన్నా నెమ్మదిగా కోలుకుంది. కొత్తగా వచ్చిన జాతులు చోటు ఆక్రమించి, సొంత జాతులను తిరిగి రానివ్వలేదు.

పెరుగు, మజ్జిగ?

తెలుగు ఇళ్లలో ఎక్కువ వాదన జరిగేది దీని మీదే. పెరుగన్నం లేకుండా భోజనం ముగియని మనిషికి నెల రోజులు పెరుగు వద్దంటే ఆ బాధ చిన్నదేమీ కాదు.

ఇంట్లో తోడుపెట్టిన పెరుగులో ఏ క్రిములు ఎన్ని ఉన్నాయో ఎవరికీ తెలియదు. పాతకాలపు తోడు రోజూ ఒక గిన్నె నుంచి ఇంకో గిన్నెకు మారుతూ ఉంటుంది. అందుకే న్యూట్రోఫిల్స్ 500 లోపు ఉన్న రోజుల్లో చాలా ఆసుపత్రులు దీన్ని ఆపమంటాయి. కొన్నిచోట్ల పాశ్చరైజ్ చేసిన పాలతో తయారైన ప్యాకెట్ పెరుగుకు ఒప్పుకుంటారు, కొన్నిచోట్ల అదీ వద్దంటారు. ఏ ఆసుపత్రి నియమాన్ని ఆ ఆసుపత్రిలో పాటించండి. కౌంట్స్ పెరిగాక తాజా పెరుగు, పలుచటి మజ్జిగ చాలామందికి తిరిగి మొదలుపెడతారు. పేగుకు అది సులువైన తిండి, ప్రొటీన్ కూడా దొరుకుతుంది. పోయిన బ్యూటిరేట్ జాతులను అది తెచ్చిపెడుతుందని మాత్రం అనుకోవద్దు. ఆ జాతులు పెరుగులో ఉండవు.

చద్దన్నంలో మంచి బ్యాక్టీరియా ఉంటాయంటున్నారు కదా?

ఆరోగ్యంగా ఉన్నవాళ్లకు మంచి తిండే. కౌంట్స్ పడిపోయిన పేషెంట్‌కు పెట్టకూడదు. రాత్రంతా బయట ఉంచిన అన్నంలో బాసిల్లస్ సీరియస్ పెరుగుతుంది. దాని బీజాలు ఉడికించినా చావవు. ఈ రోజుల్లో వేడివేడిగా అప్పుడే వండిన అన్నం, గంజి, ఇడ్లీ పెట్టండి. ఇడ్లీ పిండి పులిసినదే అయినా ఆవిరి మీద బాగా ఉడుకుతుంది కాబట్టి భయం లేదు. దానితోపాటు పెట్టే పచ్చి కొబ్బరి చట్నీ విషయంలోనే జాగ్రత్త కావాలి.

పచ్చి పళ్లు, కూరగాయలు అస్సలు పెట్టకూడదా?

ఏళ్ల తరబడి ప్రపంచమంతా అలాగే చెప్పారు. కానీ పరీక్షించి చూస్తే ఆ నియమానికి అంత బలం కనపడలేదు. ఎండీ ఆండర్సన్‌లో 153 మంది ఏఎంఎల్ పేషెంట్లను రెండు జట్లు చేసి, ఒక జట్టుకు అన్నీ వండిన తిండి, ఇంకో జట్టుకు పచ్చి పళ్లు, కూరలు కూడా పెట్టారు. పెద్ద ఇన్ఫెక్షన్లలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. ఇది 2008 నాటి మాట. ఇటలీలో 222 మందితో చేసిన ట్రయల్ 2023లో వచ్చింది. అక్కడా కఠినమైన పథ్యం వల్ల అదనపు రక్షణ దొరకలేదు.

పథ్యం పేరుతో పేషెంట్ అసలు తినడమే మానేస్తే జరిగే నష్టం పెద్దది. బ్యాక్టీరియాకూ మేత దొరకదు, మనిషికీ బలం ఉండదు.

అయితే ఆ ట్రయల్స్ జరిగినచోట నీళ్ల నాణ్యత, వంటశాలల మీద తనిఖీ మనకు అన్నిచోట్లా లేవు. మన డాక్టర్లు ఇంకా జాగ్రత్తగా ఉండటం అర్థం చేసుకోదగ్గదే. మధ్యేమార్గం ఉంది. అరటి, బత్తాయి, దానిమ్మ, బొప్పాయి లాంటి తొక్క తీసే పళ్లను బాగా కడిగి, శుభ్రమైన చేతులతో అప్పటికప్పుడు ఒలిచి పెట్టడానికి చాలామంది ఒప్పుకుంటారు. బయట కోసి అమ్మే పళ్ల ముక్కలు, జ్యూస్ సెంటర్లు, చెరుకురసం, పానీపూరీ మాత్రం వద్దే వద్దు.

మరి పేగు బ్యాక్టీరియా కోలుకోవాలంటే ఏం పెట్టాలి?

సమయాన్ని బట్టి మారుతుంది. నోటిపూత, మోషన్స్ ఉన్న రోజుల్లో పీచు ఎక్కువ పెడితే కడుపునొప్పి పెరుగుతుంది. అప్పుడు మెత్తటి అన్నం, పలుచటి పెసరకట్టు, గంజి, ఉడికించిన బంగాళాదుంప, అరటిపండు చాలు. తినగలిగినంతే పెట్టండి, బలవంతం వద్దు.

పూత తగ్గి, కౌంట్స్ లేచాక నెమ్మదిగా పీచు పెంచండి. పేగులోని జాతులకు మేత అదే. కందిపప్పు, పెసరపప్పు, రాగిజావ, బీరకాయ, సొరకాయ, ఆనక క్యారెట్, బీన్స్, బాగా కడిగి ఉడికించిన ఆకుకూరలు. ఒకే జావ రోజూ పోయడం కన్నా వారంలో రకరకాల పప్పులు, కూరలు తిరగడం మేలు. వేర్వేరు జాతులు వేర్వేరు పీచు తింటాయి. న్యూయార్క్‌లోని మెమోరియల్ స్లోన్ కెటరింగ్ పరిశోధకులు ట్రాన్స్‌ప్లాంట్ పేషెంట్లు రోజూ ఏం తిన్నారో రాసి, మలం నమూనాలతో పోల్చి చూశారు. యాంటీబయాటిక్స్ నడుస్తున్నప్పుడు తీపి ఎక్కువ తిన్నవాళ్లలో బ్యాక్టీరియా రకాలు ఎక్కువగా తగ్గాయి. నీరసం తగ్గుతుందని గ్లూకోజ్ నీళ్లు, కూల్‌డ్రింకులు, స్వీట్లు పట్టించే అలవాటు మన దగ్గర ఉంది. డాక్టర్ చెప్పిన ఓఆర్‌ఎస్ వేరు, ఇవి వేరు.

పాలు తాగితే కడుపు ఉబ్బుతోంది. ఆపేయాలా?

కొన్నాళ్లు ఆపి చూడండి. కీమో వల్ల పేగు పొర దెబ్బతింటే పాలలోని లాక్టోజ్‌ను అరిగించే ఎంజైమ్ తగ్గుతుంది. దక్షిణ భారతీయుల్లో చాలామందికి పెద్దయ్యాక అది ఎలాగూ తక్కువే. అరగని లాక్టోజ్ ఎంటరోకాకస్‌కు మేత అవుతుందని 2019లో వచ్చిన పరిశోధన చూపించింది. ప్రొటీన్ కోసం బాగా ఉడికిన గుడ్డు, పప్పు, చేప, చికెన్ ఉన్నాయి.

మల మార్పిడి అంటే ఏమిటి? వినడానికే అదోలా ఉంది.

ఆరోగ్యంగా ఉన్న మనిషి మలాన్ని పరీక్షించి, వడగట్టి, అందులోని బ్యాక్టీరియాను పేషెంట్ పేగులోకి పంపడం. ఎనిమా ద్వారానో, కొలనోస్కోపీ ద్వారానో, వాసన లేని క్యాప్సూల్స్ రూపంలోనో ఇస్తారు. డాక్టర్లు ఎఫ్ఎంటీ అంటారు. అమెరికాలోని డెన్వర్‌లో 1958లోనే ఒక సర్జన్ల బృందం తీవ్రమైన పేగు వ్యాధితో ఉన్న నలుగురికి దీన్ని వాడి ప్రచురించింది.

దీనికి నిజమైన పేరు తెచ్చింది క్లాస్ట్రిడియాయిడీస్ డిఫిసైల్, అంటే యాంటీబయాటిక్స్ తర్వాత వచ్చే మొండి విరేచనాల క్రిమి. 2013లో ఆమ్‌స్టర్‌డామ్ ట్రయల్‌లో పదేపదే ఈ జబ్బు తిరగబెడుతున్న 16 మందికి దాత మలాన్ని ఎక్కిస్తే, 13 మందికి ఒక్కసారితోనే నయమైంది. వాంకోమైసిన్ ఒక్కటే ఇచ్చిన 13 మందిలో నలుగురికే తగ్గింది. ఆ తర్వాత అమెరికాలో మందులను అనుమతించే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌డీఏ 2022 నవంబరులో రెబయోటా అనే ఎనిమా మందును, 2023 ఏప్రిల్‌లో వోస్ట్ అనే క్యాప్సూల్స్‌ను అనుమతించింది. రెండూ ఆ ఒక్క జబ్బు తిరగబెట్టకుండా ఉండటానికే. ల్యుకేమియా పేషెంట్ల పేగును బాగుచేయడానికి కాదు.

ల్యుకేమియా పేషెంట్ల మీద దీన్ని ప్రయత్నించారా? ఫలితం ఏమైంది?

ప్రయత్నించారు. ఓపిగ్గా చదవాల్సింది ఈ భాగమే.

ఫ్రాన్స్‌లోని కొన్ని ఆసుపత్రుల్లో ఏఎంఎల్ అని తేలిన వెంటనే, కీమోకు ముందే పేషెంట్ మలాన్ని సేకరించి గడ్డకట్టించి దాచారు. ఇండక్షన్, యాంటీబయాటిక్స్ పూర్తయ్యాక అదే మలాన్ని శుద్ధి చేసి 25 మందికి తిరిగి ఎక్కించారు. 2021లో ఫలితాలు వచ్చాయి. కీమోతో బాగా పడిపోయిన బ్యాక్టీరియా వైవిధ్యం మొదటి స్థాయిలో 90 శాతానికి పైగా తిరిగి వచ్చింది. చికిత్స సురక్షితంగానే కనిపించింది. అయితే ఇందులో పోల్చి చూడటానికి రెండో జట్టు లేదు. ఎక్కించకపోతే ఎంత తిరిగి వచ్చేదో ఈ ట్రయల్ చెప్పలేదు.

పోల్చి చూసిన ఉదాహరణ 2018లోది. న్యూయార్క్‌లో ట్రాన్స్‌ప్లాంట్ అయిన 25 మందిలో 14 మందికి సొంత మలం తిరిగి ఇచ్చారు, 11 మందికి ఇవ్వలేదు. తీసుకున్నవాళ్ల పేగు పాత స్థితికి చేరింది, మిగతావాళ్లు వెనకబడ్డారు.

ఇక్కడిదాకా చదివితే సంతోషంగానే ఉంటుంది. తర్వాత మినెసోటా విశ్వవిద్యాలయం ఇంకా కఠినమైన పరీక్ష పెట్టింది. ట్రాన్స్‌ప్లాంట్ అయినవాళ్లు 74 మంది, ఏఎంఎల్ కీమో తీసుకున్నవాళ్లు 26 మంది. కొందరికి ఆరోగ్యవంతులైన దాతల మలంతో చేసిన క్యాప్సూల్స్, కొందరికి చూడటానికి అలాగే ఉండే ఉత్తుత్తి క్యాప్సూల్స్. ఎవరికి ఏది ఇచ్చారో పేషెంట్‌కూ తెలియదు, డాక్టర్‌కూ తెలియదు. 2023లో వచ్చిన ఫలితం ఇది: పేగు బ్యాక్టీరియా మెరుగుపడింది, చికిత్స సురక్షితంగానే ఉంది, కానీ నాలుగు నెలల్లో వచ్చిన ఇన్ఫెక్షన్లు తగ్గలేదు.

అంటే బ్యాక్టీరియా తిరిగి రావడం ఒక మాట, పేషెంట్‌కు మేలు జరగడం ఇంకో మాట. మొదటిది సాధించారు. రెండోది ఇంకా రుజువు కాలేదు. నా ఆలోచన ఏమిటంటే, ఈ క్యాప్సూల్స్ ఇచ్చేది న్యూట్రోఫిల్స్ తిరిగి లేచాకే కాబట్టి, అతి ప్రమాదకరమైన రోజులు అప్పటికే గడిచిపోయి ఉంటాయి. ముందే ఇద్దామంటే గోడ పుండై ఉంటుంది, పైగా యాంటీబయాటిక్స్ నడుస్తుంటాయి. ఎప్పుడు ఇవ్వాలన్నదే అసలైన చిక్కు. 26 మంది ఏఎంఎల్ పేషెంట్లతో చివరి తీర్పు ఇవ్వలేం కూడా. ఇంకా పెద్ద ట్రయల్స్ కావాలి.

ఇందులో ప్రాణాపాయం ఉందా?

ఉంది. 2019 జూన్‌లో ఎఫ్‌డీఏ హెచ్చరిక జారీ చేసింది. ఒకే దాత నుంచి తయారైన మందు తీసుకున్న ఇద్దరు, రోగనిరోధక శక్తి తక్కువున్న పేషెంట్ల రక్తంలోకి మొండి ఈ.కోలై చేరింది. వాళ్లలో ట్రాన్స్‌ప్లాంట్ చేయించుకుంటున్న పేషెంట్ చనిపోయారు. ఆ దాత మలంలో ఆ క్రిమి కోసం ముందుగా పరీక్ష చేయలేదు. ఆ తర్వాత మొండి బ్యాక్టీరియా పరీక్షలు తప్పనిసరి చేశారు.

అందుకే ఇంట్లో మిక్సీలో తయారు చేసుకోవచ్చని చెప్పే వీడియోల జోలికి వెళ్లకండి. ఆరోగ్యంగా కనపడే తమ్ముడి మలంలో ఏముందో కళ్లతో చూసి చెప్పలేం.

సొంత మలం మంచిదా, దాతదా?

సొంతదైతే కొత్త రోగాలు అంటవు. కానీ ల్యుకేమియా తేలేనాటికే పేషెంట్ ఊళ్లో రెండు మూడు రకాల యాంటీబయాటిక్స్ వాడేసి ఉంటారు. మన దగ్గర ఇది మరీ ఎక్కువ. అప్పటికే పాడైన పేగును, దానితోపాటు మొండి క్రిములను దాచిపెట్టి లాభం లేదు. ఆ పైన, అక్యూట్ ల్యుకేమియాలో కీమో మొదలుపెట్టడానికి ఉండే సమయమే తక్కువ. ఆ హడావిడిలో నమూనా తీసి పరీక్షించడం కష్టం. దాత మలం ముందే సిద్ధంగా ఉంటుంది, వైవిధ్యం ఎక్కువ. ముప్పు ఏమిటో పైన చెప్పాను. ప్రయోగశాలలో ఎంపిక చేసిన జాతులను పెంచి క్యాప్సూల్‌గా ఇచ్చే దారిలోనూ పరిశోధన సాగుతోంది. దీర్ఘకాలంలో నాకు ఎక్కువ ఆశ కనపడేది అక్కడే.

మన దేశంలో దొరుకుతుందా?

లూధియానాలోని దయానంద్ మెడికల్ కాలేజీ అల్సరేటివ్ కొలైటిస్ (పెద్దపేగులో పుండ్లు పడే దీర్ఘకాల జబ్బు)కు మల మార్పిడి మీద ఎన్నో ఏళ్లుగా పనిచేస్తూ ఫలితాలు ప్రచురించింది. ల్యుకేమియా పేషెంట్లకు మాత్రం ఇది మామూలు చికిత్సలో భాగం కాదు, ట్రయల్‌లోనే తీసుకోవాల్సింది. మన దేశంలో జరిగే ట్రయల్స్‌ను సీటీఆర్‌ఐ అనే ప్రభుత్వ రిజిస్ట్రీ వెబ్‌సైట్‌లో ఎవరైనా ఉచితంగా వెతకొచ్చు. ట్రయల్‌లో చేరే ముందు అంగీకార పత్రాన్ని మీకు అర్థమయ్యే భాషలో వివరించాలి. చదివించుకోండి, తొందరపడి సంతకం చేయకండి. ట్రయల్ అని చెప్పి ప్రయోగం మందుకే లక్షలు అడుగుతున్నారంటే అనుమానించాల్సిందే.

మలం పంపితే బ్యాక్టీరియా రిపోర్టు ఇచ్చే కిట్లు ఆన్‌లైన్‌లో ఉన్నాయి. చేయించాలా?

అక్కర్లేదు. రంగురంగుల రిపోర్టు వస్తుంది, దాన్నిబట్టి మార్చే చికిత్స ఏదీ లేదు. ఆ డబ్బు మంచి తిండికి పెట్టండి.

మోషన్స్ ఆగట్లేదు. లేదా వారం నుంచి మోషనే లేదు. ఇంట్లో ఏం చేయొచ్చు?

మోషన్స్ ఆపే లోపెరమైడ్ మాత్ర సొంతంగా వేయకండి. క్లాస్ట్రిడియాయిడీస్ ఇన్ఫెక్షన్ అయితే ఆ మాత్ర హాని చేస్తుంది. ముందు మలం పరీక్ష కావాలి. జ్వరంతోపాటు కుడివైపు కింది కడుపులో నొప్పి, ఉబ్బరం ఉంటే టిఫ్లైటిస్, అంటే పెద్దపేగు మొదటి భాగం వాపు, కావచ్చు. వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

ఏఎల్ఎల్‌లో వాడే విన్‌క్రిస్టిన్ వల్ల మలబద్ధకం వస్తుంది. అప్పుడు పెద్దవాళ్లు ఎనిమా ఇద్దామంటారు, సబ్బు ముక్కో వేలో పెడదామంటారు. కౌంట్స్, ప్లేట్‌లెట్స్ తక్కువున్నప్పుడు మలద్వారంలో ఏదీ పెట్టకూడదు. చిన్న గీత పడినా ఇన్ఫెక్షన్, రక్తస్రావం. నోటితో ఇచ్చే మందులున్నాయి, డాక్టర్‌ను అడగండి.

పిల్లలకు ప్రత్యేకంగా ఏమైనా ఉందా?

ఏఎల్ఎల్ చికిత్స రెండు నుంచి మూడేళ్లు నడుస్తుంది. మెయింటెనెన్స్ దశకు వచ్చాక చాలామంది పిల్లలు ఇంటి తిండే తింటారు, బడికీ వెళ్తారు. పేగు కోలుకోవడానికి అది మంచి కాలం. ఆ దశలో కూడా అనవసరమైన పథ్యాలతో బిడ్డను అన్నం, చారు దగ్గరే ఆపేసే తల్లిదండ్రులు ఉన్నారు. భయం వల్లే అలా చేస్తారు. డాక్టర్ సరేనన్నాక పప్పు, కూర, పండు, పెరుగు అన్నీ పెట్టండి. జలుబుకు, ప్రతి చిన్న దగ్గుకు షాపులో అడిగి యాంటీబయాటిక్ వేయకండి. జ్వరం వస్తే మాత్రం ఫోన్ చేయడానికి ఆలస్యం చేయొద్దు.

డాక్టర్‌ను కలిసినప్పుడు ఏం అడగాలి?

ఇవి రాసి పెట్టుకోండి. ఇప్పుడు న్యూట్రోఫిల్స్ ఎంత? ఈ కౌంట్‌కు పెరుగు, పళ్లు పెట్టొచ్చా? కల్చర్‌లో ఏమైనా వచ్చిందా, ఈ యాంటీబయాటిక్ ఎన్నాళ్లు? పాంటోప్రజోల్ ఇంకా అవసరమా? మోషన్స్‌కు క్లాస్ట్రిడియాయిడీస్ పరీక్ష చేశారా? రెక్టల్ స్వాబ్ (మలద్వారం దగ్గర తీసే నమూనా)లో మొండి బ్యాక్టీరియా ఉన్నట్టు తేలిందా? ఈ చివరి ప్రశ్న చాలామంది అడగరు. తేలి ఉంటే ఆ కాగితం ఫైలులో పైన పెట్టుకోండి. వేరే ఊళ్లో జ్వరం వచ్చి, తెలియని ఆసుపత్రికి అర్ధరాత్రి వెళ్లాల్సివస్తే, అక్కడి డ్యూటీ డాక్టర్‌కు మొదటి డోసు ఏది ఇవ్వాలో తేల్చుకోవడానికి అది పనికొస్తుంది.